ఢిల్లీలో ఒక్క రోజు, ఇద్దరే, ఏడు కట్టడాలు: ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. ఫిబ్రవరిలో బంధువుల పెళ్లికి ఢిల్లీ వస్తున్నారు. పెళ్లయిన మర్నాడు, బుధవారం, మీకూ మీ ఆవిడకీ పొద్దుటి నుంచి ఖాళీ. రాత్రి బాగా పొద్దుపోయాక హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్లో రైలెక్కాలి. ఆవిడకి చరిత్రంటే ఇష్టం, మీకు ఫొటోల పిచ్చి. కుతుబ్ మినార్, ఎర్రకోట, జామా మసీదు, హుమాయూన్ సమాధి, ఇండియా గేట్, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్... ఈ ఏడూ రోజంతా కారు మాట్లాడుకుంటే అయిపోతాయా?

అవ్వవండీ. నాలుగు తృప్తిగా చూడొచ్చు, ఐదోది రాత్రి దీపాల్లో చూడొచ్చు. కారు వద్దు, మెట్రో ఎక్కండి. పొద్దున్నే కుతుబ్ మినార్, పదిన్నరకల్లా జామా మసీదు, మధ్యాహ్నం చాందినీ చౌక్, ఎర్రకోట, నాలుగు దాటాక హుమాయూన్ సమాధి, చీకటి పడ్డాక ఇండియా గేట్. లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ ఈసారికి వదిలేయండి. మొదటిది 1986లో, రెండోది 2005లో తెరిచినవి. రెండూ చూడదగ్గవే కానీ మీ ఆవిడ వెతికే చరిత్ర వాటిలో ఉండదు. పైగా అక్షర్‌ధామ్ లోపలికి ఫోన్ కూడా తీసుకెళ్లనివ్వరు, అంటే మీకూ పని లేదు. ఆ లైన్లో నిలబడి, లోపల తిరిగి బయటపడేసరికి సగం రోజు పోతుంది.

నేను చాలా ఏళ్లుగా ఢిల్లీలో ఉంటున్నాను. సెలవు రోజుల్లో మనవైపు నుంచి వచ్చేవాళ్లని పాత కట్టడాల చుట్టూ నడిపించి తిప్పుతుంటాను. వచ్చినవాళ్లందరి చేతిలోనూ మీలాంటి చీటీయే ఉంటుంది. ఆ చీటీలో ఎన్ని ఉన్నాయన్నదాని కంటే, ఏది ఎప్పుడు చూడాలన్నది ముఖ్యం.

కారు ఎందుకు వద్దంటున్నానంటే, మ్యాప్‌లో కుతుబ్ మినార్ నుంచి ఎర్రకోటకి ఇరవై కిలోమీటర్ల లోపే కనబడుతుంది. పొద్దున తొమ్మిది దాటాక ఆ దూరానికి గంటంబావు పట్టినా ఆశ్చర్యం లేదు. ఎర్రకోట దగ్గరికొచ్చాక పార్కింగ్ కోసం ఇంకో తిప్పలు. చాందినీ చౌక్ ముఖ్య వీధిలోకి పగలు మోటారు బళ్లని రానివ్వరు. 2021లో ఆ వీధిని బాగుచేసినప్పటి నుంచి పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నడిచేవాళ్లకీ రిక్షాలకే. అంటే డబ్బిచ్చి మాట్లాడుకున్న కారు ఎక్కడో ఉంటుంది, మీరు రిక్షాలో ఉంటారు. కాకినాడ నుంచి వచ్చిన ఒక జంట కారులోనే తిరుగుతామని పట్టుబట్టారు. సాయంత్రం కలిసినప్పుడు ఆయన చూపించిన ఫొటోల్లో సగం కారు అద్దంలోంచి తీసినవే.

మెట్రోలో ఎల్లో లైన్ కుతుబ్ మినార్ నుంచి పాతఢిల్లీకి తిన్నగా తీసుకెళ్తుంది, మారే పని లేదు. ముప్పావు గంట ప్రయాణం, కాళ్లకి విశ్రాంతి కూడా. పాతఢిల్లీ నుంచి వయొలెట్ లైన్ హుమాయూన్ సమాధి వైపు దింపుతుంది. ఒక్క జాగ్రత్త: రైలు వెళ్లే దిశలో మొదటి పెట్టె ఆడవాళ్లకి మాత్రమే. కంగారులో ఆవిడ వెనకాలే మీరూ ఎక్కేస్తే జరిమానా కట్టాలి. రెండో పెట్టె నుంచి ఎక్కడైనా ఇద్దరూ కలిసి కూర్చోవచ్చు.

ఇక వరస సంగతి. దీనికి రెండు కారణాలు: ఎండ, నమాజు.

జామా మసీదు ప్రార్థనా మందిరం తూర్పుకి తిరిగి ఉంటుంది. మనిషి పడమటికి తిరిగి ప్రార్థించాలి కదా, మక్కా మనకి అటే. కాబట్టి ముఖద్వారం మీద ఎండ పడేది పొద్దునే. మధ్యాహ్నం నమాజు వేళకి సందర్శకుల్ని బయటికి పంపేస్తారు. అందుకే అది పన్నెండు లోపే అయిపోవాలి. ఎర్రకోట లాహోరీ గేటు పడమటి ముఖం. పొద్దున వెళ్తే సూర్యుడు కోట వెనకాల ఉంటాడు, ఫొటోలో గోడ నల్లగా వస్తుంది. మధ్యాహ్నం తిరిగాక ఆ ఎర్రరాయి వెలుగుతుంది. హుమాయూన్ సమాధికి మనం వెళ్లేది పడమటి ద్వారం నుంచే. అంటే సాయంత్రపు ఎండ సరిగ్గా ఎదుటి గోడ మీద పడుతుంది. మీకు ఫొటోలంటే ఇష్టమన్నారు కాబట్టి ఇంత చెబుతున్నాను. ఎండని బట్టి వెళ్తే కెమెరాలో పెద్దగా కష్టపడక్కర్లేదు.

కుతుబ్ మినార్‌కి పొద్దున్నే వెళ్లమనడానికి కారణం వేరు, జనం. బళ్ల మీద వచ్చే స్కూలు పిల్లలూ, టూరిస్టు బస్సులూ పదింటికి దిగుతాయి. ఏడున్నరకల్లా మీరు లోపలుంటే ఆ ప్రాంగణంలో చిలకల అరుపులు తప్ప ఏమీ వినబడదు. ఫిబ్రవరి మొదట్లో అయితే పొగమంచు పట్టొచ్చు. అలా ఉంటే అరగంట ఆగండి, తప్పుకుంటుంది. స్టేషన్ పేరు కుతుబ్ మినారే అయినా అక్కణ్ణుంచి కట్టడం దగ్గరికి ఇంకా కొంత దూరం ఉంది, ఆటో ఎక్కండి.

మినార్ ఎత్తు 72.5 మీటర్లు. లోపల 379 మెట్లున్నాయి కానీ ఎక్కనివ్వరు. 1981 డిసెంబరులో లోపల దీపాలు ఆరిపోయి జరిగిన తొక్కిసలాటలో నలభై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది స్కూలు పిల్లలు. అప్పటి నుంచి మూసేశారు. కాబట్టి కింద నుంచే చూడాలి, చూడ్డానికి చాలా ఉంది. కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెట్టాడు, అల్లుడు ఇల్తుత్‌మిష్ పైకి లేపాడు. 1369లో పిడుగు పడి పై అంతస్తు దెబ్బతింటే ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయించి, ఒకటున్నచోట రెండు అంతస్తులు కట్టించాడు. అందుకే కింది మూడూ గాడులు గాడులుగా, పై రెండూ పాలరాయి కలిసి నున్నగా ఉంటాయి. కింది మూడింట్లోనూ గాడులు ఒక్కలా ఉండవు: మొదటి అంతస్తులో గుండ్రనిదీ కోణాలదీ ఒకటి విడిచి ఒకటి, రెండోదాంట్లో అన్నీ గుండ్రనివి, మూడోదాంట్లో అన్నీ కోణాలవి. ఒకళ్లనొకళ్లు అడిగి చూసుకోండి, ఎవరికి ముందు కనబడుతుందో.

పక్కనున్న మసీదు స్తంభాలని మీ ఆవిడ తప్పకుండా గుర్తుపడుతుంది. గంటలూ గొలుసులూ చెక్కిన ఆ స్తంభాలు గుడులవి. ఇరవై ఏడు ఆలయాల సామగ్రితో కట్టామని మసీదు శాసనమే చెబుతుంది. ఆవరణ మధ్యలో ఇనుప స్తంభం. గుప్తుల కాలం నాటిది, ఏడు మీటర్ల పైచిలుకు ఎత్తు, ఆరు టన్నుల పైన బరువు. పదహారు వందల ఏళ్లుగా వానకి తడుస్తున్నా తుప్పు తినేయలేదు. ఆనాటి ఇనుములో భాస్వరం ఎక్కువ, దానివల్ల పైన పల్చని రక్షణ పొర కట్టిందని లోహశాస్త్రజ్ఞులు తేల్చారు. ఒకప్పుడు వీపు ఆనించి నిలబడి, చేతులు వెనక్కి చాచి స్తంభాన్ని చుట్టి పట్టుకోగలిగితే అదృష్టమనేవాళ్లు. 1997లో చుట్టూ కంచె కట్టేశారు. ఇప్పుడు కంచె పట్టుకుని ఫొటో దిగడమే.

వెళ్లిపోయే ముందు ఉత్తరం వైపున్న మొద్దుబారిన రాళ్ల గుట్టని చూడండి. అలాయి మినార్. కుతుబ్ మినార్‌కి రెట్టింపు ఎత్తున కట్టాలని అలావుద్దీన్ ఖిల్జీ మొదలుపెడితే ఒక అంతస్తు లేచేసరికి 1316లో ఆయన పోయాడు. తరవాత ఎవరూ ముట్టుకోలేదు. నాకు మినార్ కంటే అదంటేనే ఇష్టం, ఎందుకో చెప్పలేను.

తొమ్మిదింబావుకల్లా బయటపడండి.

పాతఢిల్లీలో చాందినీ చౌక్ స్టేషన్ కాకుండా ఒక స్టేషన్ ముందే, చావ్‌డీ బజార్‌లో దిగండి. అక్కణ్ణుంచి సైకిల్ రిక్షా మీద జామా మసీదు పది నిమిషాలు. ఆ సందంతా పెళ్లి శుభలేఖల కొట్లూ, ఇత్తడి సామాన్లూ. రిక్షా ఎక్కేముందే బేరం తేల్చుకోండి, ఇద్దరికీ కలిపా, మనిషికా అని కూడా. "కోట ఈ రోజు మూసేశారు, నేను వేరే చోటు చూపిస్తా" అని ఎవరైనా అంటే నవ్వి ముందుకి నడవండి. ఆ వేరే చోటు ఎప్పుడూ ఒక కొట్టే అవుతుంది.

జామా మసీదు షాజహాన్ కట్టించినదే, 1656లో పూర్తయింది. ఆవరణలో పాతికవేల మంది పడతారు. మోకాళ్లూ భుజాలూ కప్పే బట్టలు వేసుకోండి, ఆవిడ చున్నీ తీసుకెళ్తే మంచిది. చెప్పులు వదలాలి, రాతి నేల ఫిబ్రవరిలో చల్లగానే ఉంటుంది, ఎండాకాలంలో మాత్రం మేజోళ్లు లేకపోతే అరికాళ్లు కాలతాయి. కెమెరాకీ ఫోన్‌కీ రుసుము అడుగుతారు, గుమ్మం దగ్గర దాని గురించి వాదించడం దండగ. గంట చాలు.

అక్కణ్ణుంచి చాందినీ చౌక్‌కి నడిచే వెళ్లండి, దరీబా వెండి కొట్ల మీదుగా. ఇక్కడ జంటలకి ఒక మాట చెబుతుంటాను. ఆవిడకి కినారీ బజార్‌లో జరీ అంచులు కనబడతాయి, మీకు పరాఠాల సందు కనబడుతుంది. ఒకరి కోసం ఒకరు ముఖం మాడ్చుకుని నిలబడకండి. అరగంట విడిపోయి, గురుద్వారా సీస్‌గంజ్ గుమ్మం దగ్గర కలుసుకోండి. 1675లో సిక్కుల గురువు తేగ్ బహదూర్‌ని ఔరంగజేబు హయాంలో చంపించిన చోటు అది, తల కప్పుకుంటే ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు. ఈ వీధిని ఏర్పాటు చేయించింది షాజహాన్ కూతురు జహానారా. అప్పట్లో మధ్యలో కాలువ పారేది, కొలనులో వెన్నెల పడేది. ఇప్పుడు తలెత్తితే కరెంటు తీగలు, కిందకి చూస్తే జనం. మాంసాహారులైతే జామా మసీదు పక్క సందులో 1913 నుంచి నడుస్తున్న కరీమ్స్ ఉంది. నూనె సరుకు ఎక్కువ తినకండి, మధ్యాహ్నం నడక ఇంకా మిగిలుంది. ఇంకొకటి, సిగ్గుపడాల్సిన విషయం కాదు కాబట్టి చెబుతున్నాను: ఈ బజారులో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకడం కష్టం. కుతుబ్ మినార్‌లో ఒకసారి, ఎర్రకోటలో ఒకసారి అని ముందే అనుకోండి.

ఎర్రకోట గురించి నిజం చెప్పేస్తాను. లోపలికి వెళ్లిన చాలామంది "ఇంతేనా?" అంటూ బయటికొస్తారు. వాళ్ల తప్పు కాదు. 1639లో మొదలై 1648లో పూర్తయిన ఆ కోటలో చాలా మహళ్లని 1857 తరవాత ఇంగ్లీషువాళ్లు పడగొట్టి బ్యారకులు కట్టారు. మనకి మిగిలింది ముక్కలు. అక్కడ ఏం జరిగిందో తెలియకపోతే అవి ఖాళీ మంటపాలే. మీ ఆవిడ ఉంది కాబట్టి పరవాలేదు, ఆమెనే గైడుగా పెట్టుకోండి. దీవానె ఖాస్ దగ్గర, అంటే చక్రవర్తి ఆంతరంగిక సభామంటపం దగ్గర, కాసేపు ఆగండి. నెమలి సింహాసనం ఈ కోటలోదే, 1739లో పర్షియా రాజు నాదిర్ షా ఎత్తుకుపోయాడు. కోహినూర్ దాంట్లోనే పొదిగి ఉండేదంటారు. ఆ వజ్రం మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందన్నదే ఎక్కువమంది చెప్పే మాట. పల్నాటి మట్టిలోంచి తవ్వినది ఢిల్లీ గద్దె మీద మెరిసిందన్నమాట.

అదే దీవానె ఖాస్‌లో 1858 జనవరిలో చివరి మొఘల్ బహదూర్ షా జఫర్‌ని ఇంగ్లీషువాళ్లు విచారణకి నిలబెట్టారు. తన తాతముత్తాతలు దర్బారు తీర్చిన చోటే. రంగూన్‌కి పంపేశారు, 1862లో అక్కడే పోయాడు. ఇదే కోటలో 1945లో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల విచారణా జరిగింది. భూలాభాయ్ దేశాయ్ వాళ్ల తరఫున వాదించాడు. మ్యూజియంలు ఇంకో గంట తింటాయి. మీకున్న టైముకి నేతాజీ మ్యూజియం ఒక్కటి చూసి, మిగతావి వదిలేయండి. మొత్తం గంటన్నర, అంతకు మించొద్దు.

మూడున్నరకి లాల్ ఖిలా స్టేషన్లో వయొలెట్ లైన్ ఎక్కి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం దగ్గర దిగండి, ఆటోలో హుమాయూన్ సమాధి. 1857 సెప్టెంబరులో ఢిల్లీ చేజారినప్పుడు జఫర్ కోట విడిచి తలదాచుకున్నది ఇక్కడే. ఇంగ్లీషు సైనికాధికారి హడ్సన్ వచ్చి ఇక్కణ్ణుంచే పట్టుకెళ్లాడు. మీరు ఆ రోజు కోట నుంచి వచ్చేది జఫర్ వచ్చిన దిక్కుకే.

ఒక్కటే చూడగలిగితే ఇదే చూడమంటాను. హుమాయూన్ 1556లో పురానా ఖిలాలో గ్రంథాలయం మెట్ల మీంచి జారిపడి చనిపోయాడు. ఈ సమాధి కట్టించింది ఆయన భార్య బేగా బేగం అని ప్రసిద్ధి. పర్షియన్ వాస్తుశిల్పి మీరక్ మీర్జా గియాస్ రూపకల్పన. 1570 ప్రాంతంలో అయిపోయింది. భార్య కోసం భర్త తాజ్‌మహల్ మొదలుపెట్టడానికి అరవై ఏళ్ల ముందే భర్త కోసం భార్య కట్టించినది ఇది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా జంటల్లో ఆడవాళ్లు భర్తల వైపు ఒక చూపు చూస్తారు. ఆ చూపు మీకూ తప్పదు.

టికెట్ గేటు దాటగానే నేరుగా పెద్ద సమాధికి పరిగెత్తకండి. కుడి పక్కన షేర్ షా కొలువులో ప్రభువైన ఈసా ఖాన్ సమాధి ఉంటుంది, 1547 నాటిది, హుమాయూన్ సమాధి కంటే పాతది. ఎనిమిది భుజాలు, చుట్టూ వరండా, కప్పు అంచున మిగిలిన నీలం పలకలు. చాలామంది అటు తొంగికూడా చూడరు. దాని చుట్టూ ఉన్న ప్రహరీ గోడ మీదకి మెట్లెక్కి ఒక చుట్టు తిరిగి రండి.

ఇక్కడ మనవాళ్లకి మాత్రమే చెప్పే కథ ఒకటుంది. ఢిల్లీలో ఇలా ఎనిమిది భుజాలతో కట్టిన సమాధుల్లో మొట్టమొదటిది ఒక తెలుగువాడిది. 1323లో ఓరుగల్లు పడిపోయినప్పుడు పట్టుబడ్డవాళ్లలో కాకతీయుల అధికారి ఒకడున్నాడు. గన్నమ నాయకుడని మన చరిత్రకారులు చెబుతారు. ఢిల్లీలో మతం మారి మాలిక్ మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలానికి ఖానె జహాన్ బిరుదుతో ప్రధానమంత్రి. చదవడం రాయడం రాకపోయినా మహా తెలివిగలవాడని ఆ కాలపు చరిత్రకారుడు అఫీఫ్ రాశాడు. సుల్తాన్ దండయాత్రలకి వెళ్తే రాజధాని నడిపింది ఈయనే. పేరు పక్కన చివరిదాకా తిలంగానీ అనే ఉంది. తెలంగాణవాడని. ఆయన సమాధి రోడ్డుకి అవతల నిజాముద్దీన్ బస్తీలో, ఇళ్ల మధ్య ఇరుక్కుని ఉంది. ఈసా ఖాన్ సమాధిదీ, లోధీ గార్డెన్‌లో ఉన్న మహమ్మద్ షా సయ్యద్ సమాధిదీ ఆ వరసే.

దాన్ని చూడ్డానికి వెళ్లమని మాత్రం మీకు చెప్పను. సందులు తిరిగి తిరిగి, నలుగుర్ని అడిగి, చివరికి ఒక గోడ పక్క నిలబడి చూసి రావాలి. సాయంత్రం ఎండని దానికోసం వదులుకోవద్దు. ఈసా ఖాన్ దగ్గర నిలబడి ఈ సంగతి ఆవిడకి చెప్పండి చాలు. ఆమె వెళ్దామని పట్టుబడితే, అది మీ సంసార విషయం.

ఇప్పుడు పెద్ద సమాధి. పడమటి ద్వారం కమానులోనే ఆగండి. కమాను చట్రంలో సమాధి మొత్తం ఇమిడి కనబడుతుంది, మీ మొదటి ఫొటో అక్కడ. ఆ తరవాత వేదిక మీదికి మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులుంటే గోడ పట్టుకుని నెమ్మదిగా. ఒక రిటైరైన దంపతుల్ని తీసుకెళ్లినప్పుడు ఆయన కింద తోటలోనే కూర్చుండిపోయారు, ఆవిడ ఎక్కి అంతా చూసి దిగొచ్చి ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పింది. ఇద్దరూ నాకు ఆ రోజు మహా సంతోషంగా కనబడ్డారు. ప్రతి మెట్టూ ఇద్దరూ కలిసే ఎక్కాలని లేదు.

లోపల నడిమి గదిలో ఉన్న తెల్ల రాతిపెట్టె ఖాళీదే, అసలు సమాధి కింద నేలమాళిగలో ఉంది. జాలీల గుండా సాయంత్రపు ఎండ నేల మీద పడుతుంది, దాన్ని తీయండి. ఫోన్‌కి అభ్యంతరం లేదు, ట్రైపాడ్‌కి మాత్రం ముందుగా పురావస్తు శాఖ అనుమతి కావాలి. పక్కగదుల్లోనూ వేదిక మీదా మొఘల్ వంశంవాళ్ల గోరీలు వందకి పైనే ఉన్నాయి, చాలావాటి మీద పేరే లేదు. షాజహాన్ పెద్దకొడుకు దారా షికో కూడా ఇక్కడే ఎక్కడో ఉన్నాడంటారు. ఏది ఆయనదో తేల్చాలని ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి.

ఫిబ్రవరిలో ఆరు, ఆరుంబావుకి పొద్దు గుంకుతుంది. కాపలావాళ్లు ఈలలు ఊదేదాకా ఉండండి. గేటు దగ్గర 2024లో తెరిచిన కొత్త మ్యూజియం ఉంది, బావుంటుంది. కానీ ఎండ ఉండగా భూగర్భంలోకి వెళ్లకండి. మబ్బు పట్టిన రోజయితే ముందు మ్యూజియమే చూడండి.

బుధవారం అన్నారు కాబట్టి సూఫీ గురువు నిజాముద్దీన్ దర్గా గురించి ఎక్కువ చెప్పట్లేదు. అదే గురువారం సాయంత్రం అయితే ఇండియా గేట్ మానేసి అక్కడ ఖవ్వాలీ, అంటే సూఫీ భక్తి పాటలు, వినమని చెప్పేవాణ్ణి. కవి అమీర్ ఖుస్రో సమాధి కూడా అక్కడే. గర్భగుడిలాంటి లోపలి గదిలోకి ఆడవాళ్లని రానివ్వరు, అది ముందే తెలిస్తే ఆవిడ నొచ్చుకోదు.

ఇండియా గేట్‌కి ఆటోలో పావుగంట. టికెట్ లేదు, ఇన్నింటికే రావాలన్న టైమూ లేదు. 42 మీటర్ల ఎత్తు, ఇంగ్లీషు వాస్తుశిల్పి లుట్యెన్స్ గీసింది, 1931లో ప్రారంభమైంది. గోడల మీద పదమూడు వేల పైన సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. దూరంగా కనబడే ఛత్రి కింద ఒకప్పుడు ఐదో జార్జి ఉండేవాడు, ఇప్పుడు నేతాజీ ఉన్నాడు. అరగంట నడిస్తే చాలు. తరవాత అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్లండి. పెళ్లిలో రెండు రోజులు పనీర్ తిని ఉంటారు, పప్పు, పచ్చడి, చారుతో అన్నం తింటే ప్రాణం లేచొస్తుంది. మధ్యాహ్నమే అక్కడ తిందామనుకోకండి. పాతఢిల్లీ నుంచి అటూ ఇటూ తిరగడానికే రెండు గంటలవుతాయి, ఆ వేళకి క్యూ కూడా పెద్దది.

చిల్లర సంగతులు కొన్ని:

సామాన్లు వెంటేసుకుని తిరగొద్దు. మెట్రోలో ప్రతిచోటా బ్యాగులు స్కానర్లో పెట్టాలి. బంధువులింట్లో ఉంచి రాత్రి తెప్పించుకోగలిగితే మేలు. లేదంటే నిజాముద్దీన్ స్టేషన్ క్లోక్ రూమ్‌లో పెట్టండి. బ్యాగుకి తాళం ఉండాలి, రైలు టికెట్ చూపించాలి.

ప్రవేశ టికెట్లు ముందురోజు రాత్రే పురావస్తు శాఖ ఆన్‌లైన్‌లో తీసేసుకోండి. భారతీయులకి ఒక్కో చోట వందలోపే ఉంటుంది, డబ్బు పెద్ద విషయం కాదు, క్యూ తప్పుతుంది. పెళ్లికొచ్చిన విదేశీ పౌరసత్వం ఉన్న చుట్టాలెవరైనా తోడొస్తామంటే వాళ్లకి రేటు వేరు, చాలా ఎక్కువ.

బూట్లు. కొత్తవి కాదు, అలవాటైనవి. పొద్దున స్వెటర్ కావాలి, మధ్యాహ్నం దాన్ని నడుముకి కట్టుకోవాలి.

ఒకవేళ మధ్యలో అలసిపోయి ఏదో ఒకటి తీసేయాల్సి వస్తే, ఎర్రకోట లోపలి భాగాన్ని తీసేయండి. లాహోరీ గేటు ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని నేరుగా మెట్రో ఎక్కండి. హుమాయూన్ సమాధికి ఇవ్వాల్సిన రెండు గంటల్లోంచి మాత్రం ఒక్క నిమిషం కూడా కోయకండి.

తేదీ మారే అవకాశం ఉందన్నారు. సోమవారం పడితే ఎర్రకోట మూసి ఉంటుంది. అప్పుడు పాతఢిల్లీ మొత్తాన్ని వదిలేసి, కుతుబ్ తరవాత అదే ఎల్లో లైన్‌లో జోర్ బాగ్‌లో దిగండి. 1754 నాటి సఫ్దర్‌జంగ్ సమాధి, దాని ఎదురు రోడ్డులో కాస్త నడిస్తే లోధీ గార్డెన్, అక్కణ్ణుంచి హుమాయూన్ సమాధి. శుక్రవారం పడితే జామా మసీదుకి పదకొండు లోపే వెళ్లి వచ్చేయండి, ఆ తరవాత జనం పోటెత్తుతారు. ఆదివారం చాందినీ చౌక్‌లో చాలా కొట్లు మూసుంటాయి. మీకు హాయి, ఆవిడకి కాదు.